సగం నిద్ర

గత ఫిబ్రవరిలో ఒక ఆదివారం అస్ర్ నమాజు ముగించుకొని మా అమ్మాయితో కలిసి నువ్వలరేవు తీరానికి వెళ్ళాను. కాశీబుగ్గ దాటి, జీడితోటలూ కొబ్బరితోటలూ గడచి, సముద్రపు గాలి ముఖానికి తగిలేసరికి ఆ పిల్లకు ప్రాణం లేచివస్తుంది. ఆనాడు మాత్రం నీటి అంచున ఒక తాబేలు చచ్చి పడి ఉంది. రెండడుగుల చిప్ప, ఇసుక నిండిన కళ్ళు. ఆలివ్ రిడ్లే జాతిది. చలికాలంలో ఇవి గుడ్లు పెట్టటానికి మన తీరానికి వస్తాయి. ఒడిశాలోని రుషికుల్య నదీముఖాన లక్షలాదిగా ఒక్కసారే ఒడ్డెక్కే ఈ జాతి, మన శ్రీకాకుళం ఇసుకతిన్నెల మీదికి రాత్రివేళ ఒకటొకటిగా వస్తుంది.

“ఇది ఎలా చచ్చిపోయింది అబ్బా?” అని అడిగింది అమ్మాయి.

మరపడవల వలలో చిక్కుకొని ఉంటుందనీ, తాబేలుకు చేపలవలె మొప్పలు ఉండవనీ, మనవలె ఊపిరితిత్తులే కనుక పైకి వచ్చి గాలి పీల్చుకోలేక మునిగిపోయి ఉంటుందనీ చెప్పాను. ఆ పిల్ల కొంతసేపు ఆలోచించి మరో ప్రశ్న వేసింది.

“మరి రోజూ నిద్ర పోయేటప్పుడు? ఊపిరి కోసం దాన్ని ఎవరు లేపుతారు?”

పందొమ్మిదేళ్ళుగా ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నవాడిని. శ్వాసవ్యవస్థ పాఠం కళ్ళు మూసుకొని చెప్పగలను. ఈ ప్రశ్న మాత్రం నాకెన్నడూ తోచలేదు. చదివి చెబుతానని మాట ఇచ్చాను. చదవసాగిన తరువాత తెలిసింది, ఆ ప్రశ్న మా ఇంటిలోనే నాలుగేళ్ళుగా ఉన్నదని.

ముందు తాబేలు సంగతి. మెలకువతో తిరుగుతున్నంతసేపూ అది తరచు పైకి వచ్చి గాలి తీసుకుంటుంది. విశ్రమించినప్పుడు గుండె వేగాన్ని తగ్గించుకొని, ఒంట్లో ఉన్న ప్రాణవాయువును పిసినారివలె వాడుకుంటూ, కొన్ని గంటలపాటు నీటి అడుగున ఉండగలదు. నడిసముద్రంలో ఆలివ్ రిడ్లేలు నీటిపై తేలుతూనే సేదతీరుతాయి. వాటి చిప్పలమీద సముద్రపక్షులు వాలి కూర్చుంటాయి. అదే తాబేలు వలలో పడి పెనుగులాడితే గంటల తరబడి సరిపోవలసిన ఊపిరి చూస్తూ ఉండగానే ఖర్చయిపోతుంది. నిద్రలో మునగని జీవి భయంలో మునిగిపోతుందన్నమాట.

ఇక మా ఇంటి విషయం. ఉద్దానం పేరు చెప్పగానే ఒకనాడు కొబ్బరీ, పనసా, జీడిపప్పూ గుర్తుకు వచ్చేవి. ఇప్పుడు కిడ్నీ వ్యాధి గుర్తుకు వస్తుంది. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో ఈ వ్యాధి తాకని వీధి అరుదు. నీరా, నేలా, ఎండలో వాడిపోయే శ్రమా, దేనివల్ల ఇది వస్తున్నదో శాస్త్రజ్ఞులు నేటికీ రూఢిగా తేల్చలేదు. 2023 డిసెంబరులో పలాసలోనే 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతుంది. మంగళ, గురు, శనివారాలు. శనివారానికీ మంగళవారానికీ నడుమ వ్యవధి ఎక్కువ. మూత్రం రాని శరీరంలో తాగిన ప్రతి గుక్కా నిలిచిపోతుంది. ఆ నీరు ఊపిరితిత్తులకు చేరితే రోగి వెల్లకిలా పడుకోలేడు. పడుకుంటే ఊపిరి అందదు. ఎండిన నేల మీద, మంచం మీదే, మనిషి మునిగిపోతాడు.

అందువల్ల మా అమ్మగారు నాలుగేళ్ళుగా నిద్రపోలేదు. అతిశయోక్తి అనుకోవద్దు. నాన్నగారి వీపు వెనుక మూడు దిండ్లు పేర్చి, ఇషా తరువాత ఆయతుల్ కుర్సీ చదివి ఆయన మీద ఊది, పక్కనే చాప పరచుకొని నడుం వాల్చేవారు. కళ్ళు మూసి ఉండేవి. ఆయన దగ్గితే ఆవిడ చేయి అప్పటికే ఆయన వీపుమీద ఉండేది. “పడుకోలేదా అమ్మీ?” అంటే, “పడుకున్నాను బాబూ, చెవి మాత్రం పడుకోలేదు” అనేవారు.

నాకు డాల్ఫిన్ల సంగతి చదువుతున్నప్పుడు ఆ మాటే వినిపించింది. మన ఊపిరి నిద్రలోనూ తనంత తానే నడుస్తుంది. డాల్ఫిన్‌కు అలా కాదు. ప్రతి శ్వాసా అది పూనుకొని తీసుకోవలసిందే. ఒళ్ళు తెలియకుండా నిద్రిస్తే పైకి వచ్చి తలమీది రంధ్రం తెరిచేవారెవరు? 1970వ దశకంలో సోవియట్ శాస్త్రజ్ఞుడు లెవ్ ముఖామెతోవ్, ఆయన సహచరులు డాల్ఫిన్ల మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసి చూశారు. మెదడులో ఒక సగం గాఢనిద్రలో ఉన్నప్పుడు రెండవ సగం మేలుకొని ఉంటున్నది. కొంతసేపటికి వంతు మారుతున్నది. నిద్రించే సగానికి ఎదుటివైపు కన్ను మూసుకొని ఉంటుంది, రెండవది చాలావరకు తెరిచే ఉంటుంది. అలా ఈదుతూ, ఊపిరి తీస్తూ, తోటివాటిని కనిపెడుతూ అది నిద్రపోతుంది.

సూరె కహఫ్‌లో గుహవాసుల ప్రస్తావన వచ్చినచోట, చూసేవారు వారిని మేలుకొని ఉన్నారనే తలుస్తారని, నిజానికి వారు నిద్రలో ఉన్నారని ఉన్నది. డాల్ఫిన్ గురించి చదివిన రాత్రి నాకు ఆ చోటు జ్ఞప్తికి వచ్చింది. జ్ఞప్తికి వచ్చిందని మాత్రమే అంటున్నాను. ప్రయోగశాలలో తేలిన ప్రతి విషయాన్నీ దివ్య ఖుర్ఆన్‌లో ముందే ఉన్నదని వాదించే ధోరణి నాకు రుచించదు. నిద్ర తన సూచనలలో ఒకటని సూరె రూమ్‌లో అల్లాహ్ తెలియజేశాడు. సూచన అంటే చూడమని, ఆలోచించమని. అంతవరకే నాకు అందింది.

2005లో ప్రచురితమైన ఒక పరిశోధన నన్ను ఎక్కువగా పట్టి ఉంచింది. ప్రసవించిన డాల్ఫిన్ తల్లులనూ, వాటి బంధువులైన ఓర్కా తిమింగిలాల తల్లులనూ గమనించగా, పిల్ల పుట్టిన తొలి నెలలో తల్లీ పిల్లా దాదాపు ఎక్కడా నిలకడగా ఆగలేదు, మామూలుగా నిద్రించే తీరులో కనిపించలేదు. రేయింబవళ్ళు ఈదుతూనే ఉన్నాయి. ఈదుతూనే సగం నిద్ర తీసి ఉంటాయని మరికొందరు శాస్త్రజ్ఞులు వాదించారు. ఏది నిజమైనా, అల్లాహ్ ఆ తల్లికి అటువంటి మెదడును ప్రసాదించాడు. మా అమ్మగారికి అటువంటి మెదడు లేదు. మనకెవరికీ లేదు. నేను ఆ సంగతి నాలుగేళ్ళపాటు గ్రహించలేదు.

గత డిసెంబరులో ఒక సోమవారం రాత్రి అమ్మగారు నిద్రపోయారు. చెవితో సహా. రెండు దాటాక నేను నీళ్ళకని లేచి ఆ గదివైపు వెళ్ళేసరికి నాన్నగారు మంచం అంచున కూర్చొని, రెండు చేతులూ మోకాళ్ళమీద ఆనించి, చేప నోరు తెరిచినట్లు గాలికోసం తపిస్తున్నారు. పెదవులు నల్లబడినవి. చాపమీద అమ్మగారు కదలిక లేకుండా పడి ఉన్నారు. ఒక్క క్షణం ఇద్దరిలో ఎవరిని ముందు తాకాలో నాకు తెలియలేదు. ఆటోలో ఆసుపత్రికి చేర్చాము. ఆక్సిజన్ పెట్టి, తెల్లవారేలోగా డయాలసిస్ మొదలుపెట్టారు. అల్‌హందులిల్లాహ్, దక్కారు.

అమ్మగారు మాత్రం దక్కలేదనిపించింది. ఆనాటినుంచి ఆవిడ చాప పరచటమే మానేశారు. గోడకు చేరగిలబడి కూర్చొని తెల్లవార్లూ తస్బీహ్ తిప్పేవారు. “నా కళ్ళు మోసం చేశాయి” అనేవారు. నేను ఓదార్చబోతే, “నీకేం తెలుసు?” అని ముఖం తిప్పుకునేవారు. నిజమే. పక్కగదిలో నాలుగేళ్ళు నిండుగా నిద్రపోయినవాడికేం తెలుసు?

అమ్మాయికి ఇచ్చిన మాటకోసం చదువుతూ సీళ్ళ దగ్గరికి వచ్చాను. మన బంగాళాఖాతంలో సీళ్ళు ఉండవు. చల్లని సముద్రాల జంతువులవి. వాటిలో బొచ్చు సీల్ అనే రకానికి రెండు విధాల నిద్ర ఉన్నది. నీటిలో ఉన్నన్నాళ్ళూ అది ఒక పక్కకు ఒరిగి తేలుతూ, ఒక తెడ్డుకాలిని మాత్రం ఆడిస్తూ, డాల్ఫిన్‌వలె సగం మెదడుతో నిద్రిస్తుంది. మనకు కలలు వచ్చే నిద్ర దానికి నీటిలో దాదాపు పూర్తిగా మాయమవుతుంది. ఒడ్డెక్కగానే మనవలె రెండు సగాలతోనూ నిద్రపోతుంది.

ఏనుగు సీల్‌ది మరొక మార్గం. దానికి సగం నిద్ర లేదు. మనవలెనే మొత్తం నిద్రిస్తుంది. 2023లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఈ సీళ్ళ తలలకు పరికరాలు అమర్చి నిద్రను కొలిచారు. నెలల తరబడి సముద్రంలో గడిపే కాలంలో అవి రోజుకు ఇంచుమించు రెండు గంటలే నిద్రిస్తున్నాయి. అదీ ఒక్కసారి కాదు. ఊపిరి బిగబట్టి, సొరచేపలు తిరిగే పైనీటిని విడిచి లోతుకు దిగి, అక్కడ ఇరవై నిమిషాలకు లోపే ఒక కునుకు తీస్తాయి. కలలు వచ్చే నిద్ర పట్టగానే ఒళ్ళు స్వాధీనం తప్పి, వెల్లకిలా తిరిగి, రాలిన ఆకువలె గిరగిర తిరుగుతూ కిందికి జారిపోతాయి. ఊపిరి అయిపోకముందే మెలకువ వచ్చి పైకి ఈదుతాయి. అవే సీళ్ళు ఒడ్డున ఉన్న కాలంలో రోజుకు పది గంటలు నిద్రపోతాయి.

పది గంటలు! రాసుకున్న కాగితం పక్కన పెట్టి చాలాసేపు కూర్చున్నాను. ఏనుగు సీల్‌కు ఒడ్డు ఉన్నది. అమ్మగారికి ఒడ్డు ఏది?

ఆ మరుసటి వారం నువ్వలరేవులో మా పూర్వవిద్యార్థి తండ్రి, చేపలవేటకు పోయే పెద్దాయన, కనిపించారు. రాత్రివేళ సముద్రం మీద ఎలా నిద్రపోతారని అడిగాను. ఆయన నవ్వారు. “సముద్రం మీద నిద్దరేటండి మాస్టారూ! ఒకడు నడుం వాలిస్తే ఒకడు కూకోవాల. అందరూ తొంగుంటే వల ఎటెలిపోద్దో, తెప్ప ఎటెలిపోద్దో.” కాపలా ఉన్నవాడికి నిద్ర ముంచుకొస్తే ఏమి చేస్తాడన్నాను. “రెండోవోణ్ణి లేపుతాడు. సిగ్గేటి?” అన్నారాయన.

డాల్ఫిన్ తన ఒక్క తలలో ఇద్దరు కావలివాళ్ళను పెట్టుకున్నది. తెప్పమీది మనుషులు ఆ ఇద్దరినీ రెండు తలలుగా కూర్చోబెట్టారు. మేము ఒక్కరినే నాలుగేళ్ళు కూర్చోబెట్టాము.

ఆ రాత్రి అమ్మగారి పక్కన కూర్చొని హజ్రత్ బిలాల్ (ర) వృత్తాంతం గుర్తు చేశాను. సహీహ్ ముస్లింలో ఉన్నది. ఆవిడకు తెలియనిది కాదు. ఖైబర్ నుంచి తిరిగి వస్తూ రాత్రంతా ప్రయాణించి, నిద్ర ముంచుకురాగా దైవప్రవక్త (స) ఒకచోట విడిది చేయించి, ఫజ్ర్‌కు లేపేందుకు కావలి ఉండమని బిలాల్‌కు అప్పగించారు. ఆయన చేతనైనంతసేపు నమాజు చేశారు. తెల్లవారుజామున తూర్పుకు ముఖం పెట్టి తన ఒంటెకు ఆనుకొని కూర్చున్నారు. కళ్ళు ఆయనను జయించాయి. ఎండ వేడి తగిలేవరకు ఒక్కరికీ మెలకువ రాలేదు. ముందుగా లేచినది దైవప్రవక్తే (స). పిలిస్తే బిలాల్, తమను పట్టుకున్నదే తననూ పట్టుకున్నదని విన్నవించుకున్నారు. దైవప్రవక్త (స) ఆయనను నిందించలేదు. కొంతదూరం సాగి, వుజూ చేసి, ఆ బిలాల్ చేతనే ఇఖామత్ చెప్పించి నమాజు చేయించారు.

అమ్మగారు తస్బీహ్ ఆపారు. చాలాసేపటికి, “ఆ రాత్రి బిలాల్‌కు తోడుగా ఇంకెవరినైనా పెట్టారా?” అని అడిగారు.

“లేదు అమ్మీ. ఆయన ఒక్కరే.”

ఆవిడ మరి మాట్లాడలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. నేనూ తల దించుకున్నాను. ఆ ప్రశ్న బిలాల్ గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

టెక్కలిలో ఉన్న మా తమ్ముడికి ఆ రాత్రే ఫోన్ చేశాను. వాడు ఏమీ వాదించలేదు, “ఎప్పుడో చెప్పవలసింది భాయ్” అన్నాడు. శని, ఆది, సోమ రాత్రులలో రెండు వాడివి, ఒకటి నాది. మిగిలిన రోజులలో ఒంటిగంట వరకు నా భార్య, ఆ తరువాత ఫజ్ర్ వరకు నేను. అమ్మగారి మంచం అమ్మాయి గదిలో వేశాము. మొదట ఒప్పుకోలేదు. నిద్ర పట్టదన్నారు. అమ్మాయి ఆవిడ పక్కన చేరి సీళ్ళ కథ మొదలుపెట్టింది. ఆకులా తిరుగుతూ జారిపోయే చోటికి రాకమునుపే దాదీ గురక వినవచ్చిందని మరునాడు చెప్పి నవ్వింది.

ఆ మొదటి రాత్రి నేను నాన్నగారి పక్కన కుర్చీలో కూర్చున్నాను. మెలకువగా ఉండటం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. మూడు గంటల వేళ ఆయన కళ్ళు తెరిచి, చాప ఉండే చోటు చూసి, నావైపు చూశారు.

“మీ అమ్మ ఏదీ?”

“నిద్రపోతున్నది అబ్బా.”

“బాగా పట్టిందా?”

“పట్టింది.”

ఆయన దిండ్లమీదికి ఒరిగారు. కాసేపటికి మసీదు నుంచి ఫజ్ర్ అజాన్ వినిపించింది. నేను లేవబోతే చేయి పట్టుకొని ఆపారు.

“జమాఅత్‌కు ఇంకా వేళ ఉంది. ఇంకొంచెంసేపు పడుకోనీ. తరువాత లేపు.”