హారిస్ పార్క్‌లో రైలెక్కి

సిడ్నీలో నేను దిగింది హారిస్ పార్క్‌లో, మా పిన్ని కొడుకు ఇంట్లో. వీధి మొదట్లోనే దోసెల వాసన. కొట్టు ముందు మనవాళ్లు తెలుగులోనే బేరాలాడుతున్నారు. మర్నాడు పొద్దున కాఫీ చేతికిస్తూ మరదలు అడిగింది: “బావగారూ, సంబంధాలేమైనా చూస్తున్నారా? ముప్పై ఎనిమిదొచ్చాయి కదా, ఇంకా ఆలస్యం చేస్తే ఎలా?”

తమ్ముడు తలెత్తకుండా ఇడ్లీ తింటున్నాడు. వాడికి తెలుసు. ఒకే లింగంవాళ్లైన వయోజనులు ఇష్టపడి కలవడం నేరం కాదని మన సుప్రీంకోర్టు 377 సెక్షన్‌పై తీర్పు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. ఆ రాత్రే వాడికి ఫోన్ చేసి నేను గే అని చెప్పాను. మన పత్రికలు ‘స్వలింగ సంపర్కులు’ అని రాస్తాయి. ఆ మాటలో ప్రేమకు చోటు లేదు. అందుకే నా గురించి నేనెప్పుడూ ఆ మాట వాడను.

మరదలికి ఏదో సర్దిచెప్పి రైలెక్కాను. మ్యూజియం స్టేషన్‌లో దిగి హైడ్ పార్క్ మూల దాటితే ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ మొదలవుతుంది. ఎన్నో ఏళ్లుగా ఫొటోల్లో చూసిన గేల వీధి. రంగులు, పాటలు, జాతరలాంటి సందడి ఉంటుందనుకున్నాను. పగటిపూట అదీ అన్ని బజార్లలాంటిదే. మందుల షాపు, కాఫీ కొట్లు, ఎక్కుడు దారిలో రొప్పుతూ పోయే బస్సులు.

సిగ్నల్ దగ్గర ఆగాను. అక్కడ స్తంభానికున్న మీట నుంచి టిక్, టిక్ అని నెమ్మదిగా చప్పుడొస్తుంటుంది. దాటాల్సిన సమయానికి అది గబగబా కొట్టుకుంటుంది. చూపు లేనివాళ్ల కోసం పెట్టిన ఏర్పాటు. నా పక్కన ఇద్దరు మగవాళ్లు నిలబడ్డారు. ఇద్దరికీ డెబ్బై దాటి ఉంటాయి. ఒకాయన చేతిలో కూరల సంచి, రెండో చేయి పక్కాయన చేతిలో. చప్పుడు వేగం అందుకోగానే ఆ చేయి వదలకుండా, తొందరపడకుండా దాటిపోయారు. వాళ్ల వంక నేను తప్ప ఎవరూ చూడలేదు.

మన ఊళ్లలో మగపిల్లలు చేతులు పట్టుకుని నడవడం వింతేమీ కాదు. ఇంటర్లో నేనూ నా స్నేహితుడూ అలాగే కాలేజీకి నడిచేవాళ్లం. నా మనసులో ఉన్నది స్నేహం ఒక్కటే కాదని తెలిసిన రోజు ఆ చేయి వదిలేశాను. ఆ తర్వాత వీధిలో ఎవరి చేయీ పట్టుకోలేదు. ఆ ముసలాయనలిద్దరూ కనుమరుగయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఈలోగా సిగ్నల్ ఎన్నిసార్లు మారిందో తెలియదు.

ఇంకాస్త పైకెళ్తే టేలర్ స్క్వేర్. 2013లో అక్కడ రోడ్డు మీద వేసిన ఇంద్రధనుస్సు చారల్ని ప్రభుత్వం తీసేయిస్తే, జనం సుద్దముక్కలు తెచ్చుకుని ఎక్కడికక్కడ రంగులు గీశారట. 2019లో పక్కనే శాశ్వతంగా వేశారు.

ఆ దగ్గర్లోనే పాత డార్లింగ్‌హర్స్ట్ పోలీస్ స్టేషన్ ఉంది. నేను సిడ్నీ వచ్చింది దానికోసమే అంటే అబద్ధం కాదు. 1978 జూన్ 24 రాత్రి ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్ నుంచి పాడుకుంటూ, ఆడుకుంటూ బయల్దేరిన గే, లెస్బియన్ల ఊరేగింపును కింగ్స్ క్రాస్ దగ్గర పోలీసులు చుట్టుముట్టి 53 మందిని అరెస్టు చేశారు. ఈ స్టేషన్‌లో పెట్టి కొట్టారు. ‘సిడ్నీ మార్నింగ్ హెరాల్డ్’ వాళ్ల పేర్లు, ఉద్యోగాలు, చిరునామాలు అచ్చేసింది. కొందరి కొలువులు పోయాయి, కొందరిని ఇంట్లోవాళ్లే కాదనుకున్నారు. సిడ్నీ ఉన్న రాష్ట్రంలో మగవాళ్ల మధ్య సంబంధం నేరం కాకుండా పోయింది 1984లో. ఆ పత్రికా, రాష్ట్ర పార్లమెంటూ క్షమాపణ చెప్పింది 2016లో. ముప్పై ఎనిమిదేళ్లు పట్టింది. సరిగ్గా నా వయసు.

2024 నుంచి ఆ స్టేషన్ ‘క్యుటోపియా’ అనే మ్యూజియం. పక్కనున్న సెయింట్ విన్సెంట్స్ ఆసుపత్రిలో ఎయిడ్స్ రోగుల కోసం దేశంలోనే మొదటిసారి తెరిచిన 17 సౌత్ వార్డును లోపల మళ్లీ కట్టి చూపించారు. లాకప్ గదులు అలాగే ఉన్నాయి. ఒకదాంట్లోకి వెళ్లి గోడ మీద చేయి ఆనించాను. చల్లగా, గరుగ్గా ఉంది. ఏటా లక్షలమంది చూసే మార్డిగ్రా ఊరేగింపు ఈ గోడల మధ్య దెబ్బలు తిన్నవాళ్లతో మొదలైంది. అది తలచుకుంటే కాళ్లు కదల్లేదు.

తిరుగు రైల్లో ఒక లెక్క చదివాను. 2017లో ఒకే లింగంవాళ్ల పెళ్లిపై దేశమంతా పోస్టులో అభిప్రాయం అడిగితే 61.6 శాతం సరేనన్నారు. ఆ డిసెంబరులోనే చట్టం వచ్చింది. హారిస్ పార్క్ ఉన్న పారమటా నియోజకవర్గంలో అదే 61.6 శాతం వద్దన్నారు. వలస వచ్చినవాళ్లను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఇంట్లో ఆ కాగితం నింపుతుంటే నోరు మెదపకుండా కూర్చున్న పిల్లలు ఎందరో అని నా దిగులు. మన దగ్గర పెళ్లి హక్కు కోసం కోర్టుకెళ్లినవాళ్లలో హైదరాబాద్ జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ ఉన్నారు. 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు ఆ హక్కు ఇవ్వలేనంది.

రాత్రి అన్నాలయ్యాక మరదలు అడిగింది, పగలంతా ఎక్కడ తిరిగారని. దాచబుద్ధి కాలేదు. అంతా చెప్పాను. ఆమె చాలాసేపు కంచాలు కడుగుతూ ఉండిపోయింది. తర్వాత చెయ్యి తుడుచుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

“మీకెవరైనా ఉన్నారా బావగారూ?”

“ఉన్నాడమ్మా. విజయవాడలో. ఆరేళ్లయింది.”

ఫోన్ తీసి ఫొటో చూపించాను. నా ముప్పై ఎనిమిదేళ్లలో బంధువుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆమే.