క్రూజ్ పట్టని కారుతో రామంతాపూర్ నుంచి రింగురోడ్డుకు

రామంతాపూర్‌లో బయలుదేరి, ఉప్పల్ చౌరస్తాలో ఎడమకు తిరిగి, హబ్సిగూడ, తార్నాక మీదుగా ఉస్మానియా క్యాంపస్‌లోకి వెళ్లి, మళ్లీ ఉప్పల్ వచ్చి వరంగల్ రోడ్డున ఘట్‌కేసర్ దగ్గర అవుటర్ రింగురోడ్డు ఎక్కడం: యాక్సిలరేటర్ మీద కాలు లేకుండానే వేగాన్ని నిలిపి ఉంచే క్రూజ్ కంట్రోల్ పట్టని కారుకు నేను ఎంచుకున్న దారి ఇది. షెడ్డులో నిలబెట్టి చూస్తే తెలిసేది సగమే. ఈ దారిలో ఆగుతూ సాగే ట్రాఫిక్, ఖాళీ గోడలు, చివరికి అడ్డులేని రోడ్డు అన్నీ వరసగా దొరుకుతాయి. పోతూ పోతూ నేను నిలబెట్టదలచిన మాట ఒకటే. క్రూజ్ పనిచేయకపోతే దాన్ని సౌకర్యం పోయిందని వదిలేయకూడదు, బ్రేకు వైపు నుంచి వచ్చిన హెచ్చరికగా ముందు చూడాలి.

ఉప్పల్ చౌరస్తా నుంచి తార్నాక దాకా మెట్రో స్తంభాల వెంట స్టేడియం, ఎన్‌జీఆర్‌ఐ, హబ్సిగూడ స్టేషన్లు దాటుతూ పోతుంటే మొదటి అభ్యంతరం దానంతట అదే ఎదురవుతుంది: ఈ రద్దీలో క్రూజ్ ఎవరికి కావాలి? నిజమే, ఇక్కడ దాన్ని వాడే పనే లేదు. చాలా కార్లలో గంటకు 30, 40 కిలోమీటర్ల వేగం దాటితే తప్ప అది పట్టదు కూడా. కాబట్టి ఊళ్లో బటన్ నొక్కి చూసి చెడిపోయిందని తేల్చేవాళ్లు బాగున్న యంత్రాన్ని అనుమానిస్తున్నట్టే. కానీ క్రూజ్‌ను ఆపే స్విచ్, వెనకవాళ్లకు మనం ఆగుతున్నామని చెప్పే స్విచ్ చాలా కార్లలో ఒకటే. అది బ్రేకు పెడల్ పైన, కాలికి దగ్గరలో ఉంటుంది. ఆటో వెనక బస్సు, బస్సు వెనక బైకు అంటుకుని నడిచే హబ్సిగూడ చౌరస్తాలో ఆ స్విచ్ దెబ్బతిన్న కారు ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు. క్రూజ్‌ను ఎన్నడూ వాడనివాళ్లకు సైతం దాని లోపంతో పని ఉందని నేను అనేది ఇందుకే.

తార్నాకలో ఎడమకు తిరిగితే క్యాంపస్. 1929లో మొదలైన ఇంజినీరింగ్ కళాశాల, 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కాలేజీ భవనం ఉన్న ఈ ఆవరణలో వేగం పరీక్షించకూడదు. నడిచేవాళ్లు ఎక్కువ, స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ. ఇక్కడ చేయవలసింది నిలిపి చూసే పని. ఏదైనా గోడకు వెనక భాగం ఆనేంత దగ్గరగా కారు నిలిపి బ్రేకు నొక్కితే గోడ మీద ఎర్రటి వెలుగు పడాలి, కాలు తీయగానే పోవాలి. కాలు తీసినా వెలుగుతూనే ఉందంటే బ్రేకు ఇంకా నొక్కే ఉందని కారు నమ్ముతోంది, అలాంటప్పుడు క్రూజ్ పట్టకపోవడమే సరైన ప్రవర్తన. లైట్లు బాగానే వెలుగుతున్నాయి కదా, స్విచ్‌లో తప్పేముందని అడగవచ్చు. ఆ చిన్న డబ్బాలో మామూలుగా రెండు కాంటాక్టులు ఉంటాయి. పెడల్ నొక్కితే ఒకటి కలుస్తుంది, ఇంకొకటి విడిపోతుంది. రెండూ ఒకదానికొకటి పొసగాలి. దీపానికి పోయేది బాగుండి, కంప్యూటరుకు పోయేది అరిగిపోయి ఉండవచ్చు. గేరు కారైతే క్లచ్ పెడల్ స్విచ్ కూడా ఇదే వరసలో చూడాలి.

స్కానర్ పెడితే అంతా తెలిసిపోతుంది కదా అన్నది బలమైన అభ్యంతరమే. అయితే స్కానర్ చూపే పీ0571 అనే కోడ్‌కు పరిశ్రమ పెట్టుకున్న వివరణే క్రూజ్ కంట్రోల్, బ్రేక్ స్విచ్ సర్క్యూట్ అని రెంటినీ జతచేస్తుంది. నా వాదనకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అంతకుమించి కోడ్ చెప్పదు. తప్పు స్విచ్‌లోనా, సాకెట్‌లోనా, వైరులోనా, సరిగ్గా అమరని పెడల్‌లోనా అన్నది మనిషే చూడాలి. వచ్చీపోయే లోపమైతే కోడ్ నమోదు కాకపోవచ్చు కూడా. అందుకే స్కానర్‌ను కోడ్ చదవడానికి మాత్రమే వాడకుండా, పెడల్ నొక్కుతూ వదులుతూ రెండు కాంటాక్టుల స్థితి తెరమీద మారుతోందో లేదో చూడమంటాను. హారన్, ఇతర స్టీరింగ్ బటన్లు కూడా మూగబోతే అనుమానం స్టీరింగ్ కింది చుట్టల తీగ మీదికి పోవాలి. ఎయిర్‌బ్యాగ్ కనెక్షన్ కూడా దాని గుండానే పోతుంది గనుక అది తెలిసినవాళ్ల పని. ఏబీఎస్ దీపం వెలిగితే చక్రాల వేగం చెప్పే సెన్సర్లను చూడాలి. కంప్యూటర్ మార్చమనే సలహా వీటన్నిటి తర్వాతే రావాలి.

ఐదేళ్ల వయసులోనే చూపు కోల్పోయిన అమెరికన్ ఇంజినీర్ రాల్ఫ్ టీటర్ క్రూజ్ కంట్రోల్‌కు 1950లో పేటెంటు పొందాడు. 1958 మోడల్ క్రిస్లర్ ఇంపీరియల్ కార్లలో అది తొలిసారి వచ్చింది. తర్వాతి చరిత్రలో చిన్న స్విచ్ ఎంత పెద్దదో ఫోర్డ్ ఉదంతం చెబుతుంది. క్రూజ్‌ను ఆపడానికి బ్రేకు ద్రవపు ఒత్తిడితో పనిచేసే స్విచ్‌లోకి ఆ ద్రవమే కారి, ఆపి ఉంచిన వాహనాలు సైతం అంటుకున్నాయి. 1999 నుంచి 2009 దాకా విడతలుగా కోటికి పైగా వాహనాలను ఆ కంపెనీ వెనక్కి పిలవవలసి వచ్చింది.

క్యాంపస్‌లో అన్నీ సరిపోయాకే వరంగల్ రోడ్డు పట్టాలి. బోడుప్పల్, నారపల్లి దాటేదాకా ఓపిక పట్టి, ఘట్‌కేసర్‌లో రింగురోడ్డు ఎక్కితే 158 కిలోమీటర్ల వలయంలో పరీక్షకు కావలసినంత నేరు రోడ్డు దొరుకుతుంది. రోడ్డు పొడిగా ఉండాలి, ముందూ వెనకా ఖాళీ ఉండాలి. గంటకు 80 కిలోమీటర్ల లోపు వరసలో వేగం నిలిపి, క్రూజ్ పట్టాక బ్రేకు పెడల్‌ను మెల్లగా తాకాలి. తక్షణం క్రూజ్ వదలాలి. మళ్లీ పట్టించి, గేరు కారైతే క్లచ్ తాకాలి, అప్పుడూ వదలాలి. పట్టిందా లేదా అన్నదానికంటే వదిలిందా లేదా అన్నదే నాకు ముఖ్యం. బ్రేకు తాకినా వదలని క్రూజ్ అసలు పట్టని క్రూజ్ కంటే చెడ్డది. అలాంటి కారును క్రూజ్ మెయిన్ స్విచ్ ఆపేసి, తర్వాతి ఎగ్జిట్‌లో దింపి, బ్రేకు స్విచ్ మార్చేదాకా రింగురోడ్డు ఎక్కించకూడదు.