ఎఱ్ఱగీత

మా పిన్ని అయిదవ తరగతితో చదువు చాలించినది. నేను తెలుగు ప్రధానముగా చదివి, పట్టము పుచ్చుకొని, కార్యాలయములో ఉత్తరములు వ్రాయుటయే వృత్తిగా బ్రతుకుచున్నవాడను. మా యిద్దరిలో తెలుగు ఎవరికి బాగుగా తెలియునని రెండేండ్ల క్రిందట ఎవరైన అడిగియున్నచో, నేను నవ్వి ఊరకుండెడివాడను.

నా ఫోనులో అక్షరదోషములను పట్టు సాధనమొకటి కలదు. మాట తప్పుగా వ్రాసినచో దాని క్రింద ఎఱ్ఱని వంకరగీత పడును. ఆ గీతకు నేను ఋణపడియున్నాను. చిన్ననాటినుండి 'బాధ' అను మాటను 'భాద' అనియే వ్రాయుచుంటిని. ఒత్తు ఉండవలసిన చోట లేదు. అక్కఱలేని చోట ఉన్నది. నా పరీక్షాపత్రములను దిద్దినవారు దానిని గమనింపలేదో, గమనించి విసిగి విడిచిరో తెలియదు. ఒకనాడు మిత్రుని తండ్రి గతింపగా పరామర్శ వ్రాయుచుండగా ఆ గీత పడినది. నలువదియేండ్లు నిండిన పిమ్మట నా 'బాధ' సరియైనది! అది మొదలు, గీత లేనిచో తప్పును లేదని నమ్మి, వ్రాసినదానిని మరల చదువుట మానితిని.

ఈ సాధనము నిన్న మొన్నటిది కాదు. 1971లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున రాల్ఫ్ గోరిన్ అను నతడు 'స్పెల్' అను పేర ఇట్టిదానిని సిద్ధపఱచెను. అంతకు ముందే, 1964లో, ఫ్రెడరిక్ డామెరౌ అను శాస్త్రజ్ఞుడు వ్రాతలోని తప్పులను పరిశీలించి, వానిలో నూటికి ఎనుబదికి పైగా చిన్న తప్పులే యని చూపెను. ఒక అక్షరము మాఱుట, ఒకటి జారిపోవుట, ఒకటి అదనముగా చేరుట, ప్రక్కప్రక్కనున్న రెండు తారుమారగుట: ఇంతకు మించి లేదు. కావున యంత్రము మన మాటను తన పట్టికలో వెదకును. అది లేనిచో గీత గీచి, ఇట్టి చిన్న మార్పుతో పట్టికలోని ఏ మాట వచ్చునో దానిని చూపును. ఇటీవలి సాధనములు కొన్ని ప్రక్కనున్న మాటలను కూడ చూచుచున్నవి. అన్నియు అన్నివేళల చూచునని నమ్మరాదు.

తెలుగున ఈ పట్టిక కూర్చుట సులభము కాదు. నిఘంటువులో 'ఇల్లు' ఉండును. కాని మనము 'ఇంటివారికే' అందుము, 'ఇళ్ళలోనుండి' అందుము, 'ఇంటికైనను' అందుము. ప్రత్యయములు ఒకదానివెంట నొకటి వచ్చి అతుకుకొనును. ఒక్క క్రియకే వందల రూపములు. వీనినెల్ల పట్టికకెక్కించుట ఎవరి తరము? హంగరీ దేశస్థుల భాషయు ఇట్టిదే. ఆ దేశపు లాస్లో నేమెత్ అను నతడు మూలశబ్దములను వేఱుగను, వాని కతుకు ప్రత్యయముల నియమములను వేఱుగను ఉంచి, రెంటిని కలిపి చూచు 'హన్‌స్పెల్' అను సాధనమును నిర్మించెను. నేడు అనేక భాషలలో దానిని వాడుచున్నారు. అయినను మంచి తెలుగు మాటల క్రింద ఎఱ్ఱగీత పడుట నేటికిని కలదు. అందులకు నేను నొచ్చుకొనను. లేని తప్పును చూపినందువలన పోయినదేమున్నది?

ఉన్న తప్పును చూపకపోవుట వేఱు. 'సకలము' అనగా అంతయు; 'శకలము' అనగా ముక్క. 'ప్రదానము' అనగా ఇచ్చుట. 'ప్రధానము' అనగా ముఖ్యమైనది. రెండును నిఘంటువులోనివే కనుక, ఒకదానికి బదులు వేఱొకటి వ్రాసినను గీత పడకపోవచ్చును. 'బహుమతి ప్రధానోత్సవము' అని వ్రాసిన ప్రకటనలను మీరును గోడలమీద చూచియుందురు.

ఇక నా సంగతి. మా అమ్మ కోనసీమలోని మా ఊరిలో పిన్నియొద్ద ఉండును. రక్తపోటుకు దినమున కొక మాత్ర వేసికొనుచుండెను. నగరములో పరీక్షలు చేయించుకొని ఆమె తిరిగి ఊరు చేరిన సాయంకాలము, వైద్యుడు నన్ను పిలిచి, "ఇకమీద అర మాత్ర చాలును" అని చెప్పెను. నేను బస్సులో నిలుచుండి పిన్నికి సందేశము వ్రాయ మొదలిడితిని. ఇంగ్లీషు అక్షరములతో కొట్టినచో తెలుగు మాటలు వచ్చు ఏర్పాటు నా ఫోనులో కలదు. రెండక్షరములు కొట్టగానే మూడు మాటలు వరుసగా నిలిచినవి. నేను సరిగా చూడక మొదటిదానిపై వ్రేలు మోపితిని. "అమ్మకు రోజుకు ఆరు మాత్ర చాలు" అని పోయినది. ఎఱ్ఱగీత పడలేదు. ఇల్లు చేరి, ఫోనును మూలనుంచి నిద్రపోయితిని.

తెల్లవాఱుచుండగా పిన్ని పిలిచెను.

"ఏరా నాయనా, రాత్రి నాలుగుసార్లు చేశాను, ఎత్తవేం? నువ్వు రాసింది నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆరైతే 'మాత్రలు' అని ఉండాలి గదా, 'మాత్ర' అని ఉందేం? పైగా ఒకటి వేసుకునే మనిషికి ఆరు 'చాలు' అంటాడా ఎవడైనా? అర అనబోయి ఆరన్నావేమో అనుకున్నాను. నువ్వు చెప్పేదాకా ఏదీ వేయకూడదని, రాత్రి బిళ్ళ ఆపేశాను."

నా నోట మాట రాలేదు. ఏకవచనమును బహువచనమును నేను పుస్తకములో చదివి మార్కులు తెచ్చుకొంటిని. ఆమె వానితో మా అమ్మను కాచినది.

"సగం అని రాయరాదుట్రా?" అని పిన్ని చివర అడిగెను. నిజమే. 'అర'కు 'ఆరు'నకు మధ్య ఉన్నది ఎంత! 'సగము' అను మాట అంత తేలికగా మఱియొకటి కాజాలదు. అంత చదివిన నాకు అది తోచలేదు.

నేటికిని ఎఱ్ఱగీతను నేను తీసివేయలేదు. 'బాధ' వంటివి ఇంకను నాలో ఎన్ని కలవో! కాని మందుల సంగతి వ్రాసినప్పుడు, పంపుటకు ముందు ఒకసారి పైకి చదువుకొందును. బస్సులో ప్రక్కవారు వింతగా చూతురు.

ఆనాటి రాత్రి పిన్ని సందేశము వచ్చినది: "అక్కకి సగం బిల్ల యేసాను కునుకు తీత్తంది." దానిని మా చెల్లెలికి తెలుపవలెనని నా ఫోనులో ఎత్తి వ్రాయగా, మూడుచోట్ల ఎఱ్ఱగీతలు పడినవి. ఒక్క అక్షరమైనను మార్చక అట్లే పంపితిని.