చెల్లని నోటు... చెదరని విలువ

మస్కట్ వెళ్తున్నానని చెప్పగానే మా మామ పూజగదిలోకి వెళ్లి ఓ పాత రేకు డబ్బా పట్టుకొచ్చాడు. అందులోంచి నాలుగు మడతలు పెట్టిన నోటొకటి తీసి నా చేతిలో పెట్టాడు. కువైట్ పది దినార్లు. ‘అబ్బీ, ఆ పక్క పాత నోట్లు కొనేవాళ్లుంటారంట. దీని సంగతేందో కనుక్కోని రా’ అన్నాడు. ఆ నోటును డైరీ పేజీల మధ్య పెట్టుకుని బయల్దేరాను. ధర కనుక్కుందామని మొదలైన పని, చివరికి గల్ఫ్ దేశాల డెబ్భై ఏళ్ల చరిత్రను చూపించింది.

సాంబ్రాణి సందుల్లో...

ఓ పక్క సముద్రం. దాని వెంటే వంపు తిరిగిన కార్నిష్ రోడ్డు. వెనక గడ్డిపోచయినా మొలవని రాతికొండలు, ఓ గుట్ట మీద పోర్చుగీసువాళ్ల కాలంనాటి కోట. ఆ రోడ్డు మీంచే ముత్రా సూక్‌లోకి దారి. సూక్ అంటే అరబ్బీలో బజారు. పైకప్పు వేసిన ఇరుకు సందులు ఒకదాంట్లోంచి మరొకదాంట్లోకి తిరుగుతుంటాయి. ఎండ దూరని ఈ బజారుకు ‘చీకటి బజారు’ అనే అర్థం వచ్చే అరబ్బీ పేరు కూడా ఉంది. లోపల అడుగుపెట్టగానే లుబాన్ పొగ ముక్కుకు తగులుతుంది. లుబాన్ అంటే ఒమన్‌లో పండే సాంబ్రాణి. ఆ పక్కనే అత్తర్లు, వెండి పిడుల ఖంజర్లు, శాలువాలు... మన చార్మినార్ దగ్గరి లాడ్‌బజార్‌లో నడుస్తున్నట్టే ఉంటుంది.

అక్కడక్కడా అద్దాల పెట్టెల్లో పాత నాణేలు, ప్లాస్టిక్ కవర్లలో నోట్లు కనిపిస్తాయి. అలాంటి ఓ దుకాణం ముందు ఆగాను. నెరిసిన గడ్డం, తలమీద కుట్టుపని టోపీ ఉన్న ఒమనీ పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి హిందీలోనే పలకరించాడు. ‘ఇండియా నుంచా? అయితే ముందు మీ నోటే చూడండి’ అంటూ ఓ ఆల్బమ్ తెరిచాడు.

నాసిక్‌లో పుట్టి, గల్ఫ్‌లో తిరిగి...

నిజంగానే మన నోటు! ‘రిజర్వ్ బ్యాంక్ ఆఫ్ ఇండియా’ అని రాసుంది. కానీ రంగు వేరు. నంబరు ముందు ఆంగ్ల అక్షరం ‘జెడ్’. మన నాసిక్‌లో అచ్చయి, మన దేశంలోనే చెల్లని నోటది.

దీని వెనక పెద్ద కథే ఉంది. బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచీ కువైట్, బహ్రెయిన్, ఖతార్, దుబాయ్, మస్కట్‌లలో మన రూపాయే చలామణీ అయ్యేది. స్వాతంత్ర్యం వచ్చాకా అదే సాగింది. అయితే గల్ఫ్‌లో చవగ్గా దొరికే బంగారం కోసం దొంగ వ్యాపారులు కట్టలకొద్దీ రూపాయల్ని పడవల్లో అక్కడికి చేరవేసేవారు. ఆ రూపాయలు అక్కడి బ్యాంకుల ద్వారా తిరిగి మన రిజర్వ్ బ్యాంకుకే వచ్చేవి. వాటికి బదులుగా మనం విలువైన పౌండ్లు చెల్లించాల్సి వచ్చేది. అలా విదేశీ మారకద్రవ్యం కరిగిపోతుంటే ప్రభుత్వం 1959లో ఒక ఉపాయం చేసింది. గల్ఫ్ కోసం ప్రత్యేకంగా ఒకటి, అయిదు, పది, వంద రూపాయల నోట్లు వేసింది. మన దగ్గరి నోట్లతో కలవకుండా రంగులు మార్చింది. హజ్ యాత్రికుల కోసం కూడా ఆ రోజుల్లో పది, వంద రూపాయల నోట్లు విడిగా ఉండేవి. వాటి నంబరు ముందు ‘హెచ్ఏ’ అని ఉంటుంది.

కువైట్ 1961లో, బహ్రెయిన్ 1965లో సొంత దినార్లు తెచ్చుకున్నాయి. 1966 జూన్ 6న మన రూపాయి విలువ తగ్గించడంతో ఖతార్, దుబాయ్ కూడా తప్పుకున్నాయి. చివరిదాకా అంటిపెట్టుకున్నది ఒమన్. 1970లో ఇక్కడ రియాల్ వచ్చింది. దాని చిల్లరకు పెట్టుకున్న పేరు ‘బైసా’. అవును, మన పైసానే! రూపాయి వెళ్లిపోయినా పైసా ఇక్కడే ఉండిపోయింది.

మడతకో ధర

‘ఇది ఎంత?’ అనడిగితే పెద్దాయన వెంటనే చెప్పలేదు. అదే రకం నోట్లు రెండు పక్కపక్కన పెట్టాడు. ఒకటి బ్యాంకు నుంచి ఇప్పుడే వచ్చినట్టు పెళపెళలాడుతోంది. రెండోది మడతలు పడి, అంచులు నలిగి ఉంది. నోటు ఒకటే అయినా ధరలో ఎన్నో రెట్ల తేడా! సేకరించేవాళ్లు ముందుగా చూసేది నోటు పరిస్థితినే. అసలు వాడని నోటుకు మొదటి స్థానం. మధ్యలో సన్నటి మడత పడినా ఒక మెట్టు దిగినట్టే. కొన్ని సంస్థలు 70 మార్కులకు లెక్కకట్టి, ప్లాస్టిక్ తొడుగులో సీలు వేసి ఇస్తాయి.

ఆ తర్వాత నంబరు ముందుండే అక్షరాలు, సంతకం, అచ్చయిన సంవత్సరం చూస్తారు. అవే నోట్లు ఎన్ని మిగిలాయన్నది అన్నిటికంటే ముఖ్యం. గల్ఫ్ రూపాయల్లో చాలామటుకు బ్యాంకులకు తిరిగెళ్లిపోయాయి. అందుకే మిగిలిన కొన్నిటికీ అంత గిరాకీ. లండన్ వేలంలో హజ్ వంద రూపాయల నోటొకటి 56 లక్షల రూపాయలకు పైగా పలికిందని 2024లో వార్తలొచ్చాయి. అలాగని పాత నోటల్లా లక్షలు తెస్తుందనుకుంటే పొరపాటే. అదే దుకాణంలో సద్దాం హుస్సేన్ బొమ్మున్న ఇరాక్ నోట్లు దొంతర్లుగా పడున్నాయి. అవి లెక్కలేనన్ని అచ్చయ్యాయి మరి.

ఇరాక్ నోట్లలోనే ఓ విచిత్రం ఉంది. 1990 తర్వాత ఆంక్షల వల్ల విదేశాల్లో మంచి నోట్లు అచ్చువేయించుకునే దారి మూసుకుపోయింది. దాంతో ఇరాక్ నాసిరకం కాగితం మీద కొత్తవి వేసి, 1993లో పాత 25 దినార్ల నోటును రద్దు చేసింది. ఉత్తరాన కుర్దుల ప్రాంతం వాళ్లు మాత్రం పాత నోట్లే వాడుకున్నారు. వాటిని ‘స్విస్ దినార్లు’ అనేవారు. కొత్తగా అచ్చువేసే వీల్లేక వాటి సంఖ్య పెరగలేదు, విలువా పడిపోలేదు. సద్దాం ప్రభుత్వం కూలాక 2003లో కొత్త దినార్లు వచ్చినప్పుడు సద్దాం బొమ్మ దినారుకు ఒకటే ఇచ్చారు. స్విస్ దినారుకు ఏకంగా 150 ఇచ్చారు!

జులై జీతం

అప్పుడు డైరీలోంచి మామ నోటు తీశాను.

మాది రాజంపేట దగ్గర పల్లె. ఆ చుట్టుపక్కల కువైట్‌తో చుట్టరికం లేని ఇల్లు అరుదు. మామ అక్కడ ఓ ఇంట్లో డ్రైవరు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగింది. బస్సుల్లో, ఎడారి దారిలో పడుతూ లేస్తూ జోర్డాన్ చేరి, అమ్మాన్‌లో ఎయిరిండియా విమానమెక్కిన లక్షమందికి పైగా భారతీయుల్లో మామా ఒకడు. జులై జీతంలో దారి ఖర్చులు పోగా మిగిలింది ఈ నోటొక్కటే. అప్పటి లెక్కలో దాదాపు ఆరువందల రూపాయలు. ఊరొచ్చాక టౌనులో మార్చబోతే ‘ఇవి లూటీ నోట్లు, చెల్లవు పో’ అని విసిరికొట్టారట. ఆ మాట ఊళ్లో పాకింది. ‘లూటీ డబ్బు తెచ్చాడు’ అని ఎవరో వెనకాల అన్నారు కూడా. మామ మళ్లీ కువైట్ వెళ్లలేదు. నోటును పారేయనూ లేదు.

పెద్దాయన భూతద్దం పెట్టి నంబరు చూశాడు. ఓ లావుపాటి కేటలాగు తీసి వేలితో వరస పట్టుకుపోయాడు. కువైట్ కేంద్రబ్యాంకు ఖజానాలోంచి ఇరాక్ సైనికులు ఎత్తుకెళ్లిన నోట్ల సిరీస్‌లన్నీ ఆ తర్వాత రద్దయ్యాయి. ఆ వివరాలు కేటలాగుల్లో ఉన్నాయి. మడత నలగని ఆ నోట్లు సేకరించేవాళ్ల బజారులోకి గుట్టలుగా వచ్చిపడ్డాయి. అందుకే చవక. మిగతా పాత నోట్లకు కూడా 1991 సెప్టెంబరు 30తో కాలం చెల్లింది.

‘ఇది ఆ సిరీస్ కాదు. మామూలుగా చేతులు మారిన నోటే. ఎవరి జీతమో అయ్యుంటుంది’ అన్నాడాయన.

ధర మాత్రం పెద్దగా రాదన్నాడు. నాలుగు మడతలు మరి! అయినా కొన్ని జాగ్రత్తలు చెప్పాడు. పాత నోటును ఇస్త్రీ చేయకూడదు, కడగకూడదు, చిరుగుకు టేపు అంటించకూడదు, లామినేషన్ అసలే వద్దు. పీవీసీ కలవని కవర్లో, తేమ తగలనిచోట పెడితే చాలు. ఇంకో జాగ్రత్త మన రిజర్వ్ బ్యాంకు చెప్పింది. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తమ పేరు వాడుకుని ముందుగా ఫీజులు, కమీషన్లు అడిగేవాళ్లను నమ్మొద్దని 2021లో హెచ్చరించింది. కాబట్టి మీ ఇంట్లో తాతల పెట్టెలో ఇలాంటి నోటేదైనా ఉంటే, అమ్మేముందు ఇద్దరు ముగ్గురికి చూపించండి. ముందుగా పైసా కూడా కట్టకండి.

సాయంత్రం కార్నిష్ గోడమీద కూర్చుని మామకు ఫోన్ చేశాను. ఎంతొస్తుందో చెప్పబోతే మధ్యలోనే ఆపేశాడు.

‘అది సరే... లూటీ నోటు కాదంటనా?’

‘కాదంట మామా. జీతం నోటేనంట.’

అవతల కాసేపు చప్పుడు లేదు.

‘అయితే అమ్మొద్దులే అబ్బీ. భద్రంగా తీసుకొచ్చెయ్. మీ అత్తకు చూపించాల.’