తొమ్మిది వేల చుట్ల మోటారు

కొన్న ధరకంటే పాతబడ్డాక ఎక్కువ పలికే కార్లు ఉన్నాయట! ఈ సంగతి తెలిసినప్పటినుంచి నేను మరో ఊసు మాట్లాడలేకపోతున్నాను. మా వడమాలపేటలో బండి లెక్క ఎవరినడిగినా ఒకటే. షోరూం గేటు దాటగానే కొంత పోయింది, ఏడాది తిరిగేసరికి ఇంకొంత పోయింది, ఐదేళ్ళకు సగమైంది. ఆల్టో అయినా ఇన్నోవా అయినా అంతే. అలాంటిది రెండింతలకు, మూడింతలకు పోయే కార్లున్నాయి. వాటిని వెలకట్టడం ఒక విద్య. ఆ విద్య తెలిసినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. మా చిన్నాన్న కొడుకు చెన్నైలో చేసే పని ఇదే. సెకండ్‌హ్యాండ్ ఖరీదైన కార్లను పరీక్షించి, కొనేవాళ్ళకు రిపోర్టు రాసిస్తాడు.

వాడి వెంట పడడానికి కారణం ఒక తెల్ల కారు. అంజేరమ్మ కనుమ వైపునుంచి వచ్చి ఎస్వీపురం టోల్‌ప్లాజా ముందు నెమ్మదించింది. వెనక రెక్క కారు కప్పుకంటే ఎత్తులో ఉంది. స్పీడ్‌బ్రేకర్ దగ్గర ఆగి, ముందు భాగాన్ని తనంతట తానే పైకి లేపుకుని, మెల్లగా దాటింది. గేటు లేచాక వచ్చిన శబ్దం ఉంది చూశారూ, ఉరుము కాదు, అరుపు కాదు, కింది స్థాయిలో మొదలై పైపైకి సాగుతూ ఎక్కడా తెగని ఒకే గమకం! లారీ డ్రైవర్లు కిందికి దిగి చూశారు. పోర్షే 911 జీటీ3 ఆర్‌ఎస్ అని తమ్ముడు ఫోన్లో చెప్పాడు.

అసలు ఆ శబ్దంలోనే విలువంతా ఉందని తర్వాత అర్థమైంది. ఈ కాలపు వేగవంతమైన కార్లలో చాలావాటికి టర్బో ఉంటుంది, గాలిని బలవంతంగా మోటారులోకి నెడుతుంది. దీనికది లేదు. నాలుగు లీటర్ల మోటారు, ఆరు సిలిండర్లు, మూడు ఇటు మూడు అటు పడుకుని ఉంటాయి. గాలిని తానే పీల్చుకుంటుంది. అలా పీల్చుకుంటూనే నిమిషానికి 9,000 చుట్లు తిరుగుతుంది! మన వీధిలో తిరిగే పెట్రోలు కార్లు ఆరు వేలు దాటి కాస్త పోగానే చాలించుకుంటాయి. దీనికి 525 హార్స్‌పవర్. నిలబడ్డ చోటునుంచి వంద కిలోమీటర్ల వేగానికి 3.2 సెకన్లు. గరిష్ఠ వేగం గంటకు 296 కిలోమీటర్లు. జర్మనీలోని రేస్ ట్రాక్ నూర్‌బుర్గ్‌రింగ్‌లో 20.8 కిలోమీటర్ల చుట్టును 2022లో రేసు డ్రైవర్ యోర్గ్ బెర్గ్‌మైస్టర్ 6 నిమిషాల 49 సెకన్లలో పూర్తిచేశాడు.

ఆ రెక్క అలంకారం కాదు. కారు బరువు 1,450 కిలోలు. గంటకు 285 కిలోమీటర్ల వేగంలో గాలి దాన్ని మరో 860 కిలోల బరువుతో నేలకు అదుముతుంది. మలుపులో చక్రాలు జారకుండా ఆ బరువే కాపాడుతుంది. తిన్నగా పోయేటప్పుడు అదే గాలి అడ్డం కదా, అందుకని స్టీరింగ్ మీద ఒక మీట పెట్టారు. నొక్కితే రెక్క పై పలక వాలి గాలికి దారి ఇస్తుంది, ఫార్ములా వన్ కార్లలో చేసినట్టే. 911లకు ముందువైపు ఉండే డిక్కీ దీనికి లేదు. ఆ చోటంతా పెద్ద రేడియేటర్‌కి ఇచ్చేశారు. మూడు కోట్ల కారులో సూట్‌కేసుకి చోటు లేదు! ఇంత తెగింపుతో ఒక వస్తువు తయారుచేసిన మనుషుల మీద నాకు గౌరవం పొంగిపోయింది.

మనవాళ్ళ దగ్గరా ఉంది ఈ కారు. 2024 మే నెలలో సినీ నటుడు నాగచైతన్య వెండి రంగుది కొన్నారు. డెలివరీ చెన్నై షోరూంనుంచి, రిజిస్ట్రేషన్ హైదరాబాదులో. ధర మూడున్నర కోట్లని పత్రికలు రాశాయి. అదే ఏడాది ఆయన హైదరాబాద్ బ్లాక్‌బర్డ్స్ రేసింగ్ జట్టుకు యజమాని కూడా అయ్యారు. రేసు పిచ్చి ఉన్నవాడి చేతికి రేసు కారు చేరిందన్నమాట. ఈ ధరలో కారు పాలెంత, పన్నుల పాలెంత అన్నది విడిగా చూడాలి. 2022లో విడుదలైనప్పుడు అమెరికాలో దీని ప్రారంభ ధర 2,23,800 డాలర్లు, అప్పటి మారకంలో కోటీ ఎనభై లక్షల లోపే. మన దగ్గర షోరూం ధర 3.25 కోట్లతో మొదలైంది. తేడాలో సింహభాగం దిగుమతి సుంకం, దాని మీద వేసే పన్నులు. కాబట్టి విదేశీ వేలాల్లో పలికిన అంకెను రూపాయల్లోకి మార్చి ఇక్కడి కారుకు వెలకట్టడం కుదరదు. ఇక్కడి కారు ఇక్కడి మార్కెట్లోనే తూగాలి.

మరి విలువ ఎందుకు పెరుగుతుంది? తక్కువ తయారైతే చాలదా? చాలదట. దీనికి తమ్ముడు 911 ఆర్ కథ చెప్పాడు. వింటుంటే నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. 2013లో కొత్త జీటీ3 (ఆర్ఎస్ కాని మామూలు రకం) వచ్చినప్పుడు పోర్షే దానికి మాన్యువల్ గేర్లు ఇవ్వలేదు. క్లచ్ తొక్కి చేత్తో గేరు మార్చుకోవడమే ప్రాణంగా ఉన్నవాళ్ళు గగ్గోలు పెట్టారు. 2016లో కంపెనీ 911 ఆర్ అని ఒకటి తెచ్చింది. ఆరు గేర్లు, అన్నీ చేత్తోనే, పెద్ద రెక్క లేదు. తయారుచేసినవి 991 కార్లు. అమెరికా ధర 1,84,900 డాలర్లు. చేతులు మారడం మొదలయ్యేసరికి ఆ ధర కొన్ని రెట్లయింది. ఆ మరుసటి ఏడాదే జెనీవా ప్రదర్శనలో మామూలు జీటీ3కి కూడా మాన్యువల్ గేర్లు ఇస్తున్నామని పోర్షే ప్రకటించింది. 911 ఆర్ ధరలు దిగాయి! కార్లు అవే 991, ఒక్కటీ పెరగలేదు. కానీ అది మాత్రమే ఇవ్వగలిగిన ఆనందం ఇంకో చోట దొరికింది. అంటే కొనేవాడు అడగాల్సింది ఎన్ని తయారయ్యాయని మాత్రమే కాదు, దీన్ని మళ్ళీ ఎవరైనా తయారు చేస్తారా అని కూడా. తొమ్మిది వేల చుట్లు తిరిగే టర్బో లేని మోటారు విషయంలో, పొగ నిబంధనలు ఏటా బిగుసుకుంటున్న ఈ రోజుల్లో, ఆ ప్రశ్నకు జవాబు రోజురోజుకీ ఖరీదవుతోంది.

కంపెనీకీ ఈ బేరం తెలుసు. 911 పుట్టి అరవై ఏళ్ళయిన సందర్భంగా 2023లో 911 ఎస్/టీ తెచ్చారు. జీటీ3 ఆర్‌ఎస్ మోటారు, చేతి గేర్లు, పుట్టిన ఏడాదికి గుర్తుగా 1,963 కార్లు. కొన్న మర్నాడే లాభానికి అమ్ముకోకుండా, అమెరికాలో మొదటి ఏడాది లీజుకు మాత్రమే ఇచ్చారు. ఏడాది గడిచాకే కారు సొంతం. నడపాలని ఆశపడేవాడికి కారు దక్కడానికి వేసిన ఈ ముడి నాకు ఎంత నచ్చిందో!

తిరుపతి పెద్దమనిషి ఒకరు జీటీ3 ఆర్‌ఎస్ కొనాలనుకున్నారు. చెన్నైలో రెండు కార్లు ఉన్నాయంటే పరీక్షకు తమ్ముడితో నేనూ వెళ్ళాను. పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటుతున్నంతసేపూ నావి ప్రశ్నలే. అక్కడికి చేరాక నేను నేరుగా కారు దగ్గరికి పోబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు.

"బండి యాడికీ పోదు నా. ముందు ఫైలు చూద్దాం."

ఆ ఫైలు ఒక జాతకం! దిగుమతి నాటి బిల్ ఆఫ్ ఎంట్రీ, మొదటి ఇన్‌వాయిస్, ఆర్సీ, ప్రతి సర్వీసు కాగితం, ఫ్యాక్టరీలో ఏయే ఎంపికలు పెట్టారో చెప్పే కోడ్‌ల పట్టిక. తేలిక భాగాల వైసాక్ ప్యాకేజీ ఉందా, మెగ్నీషియం చక్రాలు ఉన్నాయా, ప్రత్యేకంగా చెప్పి వేయించుకున్న రంగా, అన్నీ ఆ కోడ్‌లే చెబుతాయి. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు కాగితాలతో సరిపోవాలి. ఇంజను మారిందంటే విలువ పడిపోయినట్టే అనుకున్నాను. దానికీ ఒక మినహాయింపు చెప్పాడు. 2014లో యూరప్‌లో రెండు జీటీ3 కార్లు మంటల్లో కాలాయి. కనెక్టింగ్ రాడ్ బోల్టు వదులవడం కారణమని తేల్చి, అప్పటికి తయారైన 785 కార్లకూ కంపెనీయే కొత్త ఇంజన్లు వేసింది. కాబట్టి ఆ కార్లలో ఇంజను మారిన కాగితం ఉంటేనే విలువ!

తర్వాత రంగు. మామూలుగా రంగు మందం కొలిచే మీటరు లోహం మీదే పనిచేస్తుంది. ఈ కారు తలుపులు, కప్పు, ముందు మూత, ముందు ఫెండర్లు కార్బన్ ఫైబర్. వాటికి అల్ట్రాసోనిక్ మీటరు కావాలి. రంగు మీద పారదర్శక రక్షణ ఫిల్మ్ అంటించి ఉంటే ఆ మందాన్నీ లెక్కలోంచి తీసేయాలి. తమ్ముడు అంగుళం అంగుళం మీటరు జరుపుతూ, మధ్యమధ్య కళ్ళు మూసుకుని వేలికొనలతో తడుముతుంటే, ఎక్స్‌రే చూడకుండానే విరిగిన చోటు పట్టుకునే పుత్తూరు కట్టు వైద్యులే గుర్తొచ్చారు.

చక్రాలు చూశాడు. టైరు పక్కన ఉండే నాలుగంకెలు ఏ వారం, ఏ ఏడాది తయారైందో చెబుతాయి. గాళ్ళు మిగిలి ఉన్నా వయసు మీరిన టైరు పనికిరాదు. ఒక్కో చక్రానికి నడుమ ఒకటే నట్టు, దాన్ని 600 న్యూటన్ మీటర్ల బిగువుతో బిగించాలి. అందుకు తగిన పనిముట్టు లేనివాడు పంచరుకి చక్రం విప్పితే కారు ప్రమాదంలో పడ్డట్టే. సిరామిక్ బ్రేకు డిస్కులైతే అరుగుదలను బరువును బట్టి కూడా తేలుస్తారు. దిగకూడని కనీస బరువు డిస్కు మీదే ముద్రించి ఉంటుంది.

ఇక నన్ను ఆశ్చర్యంలో ముంచేసింది కంప్యూటర్ రిపోర్టు. మోటారు తన జీవితంలో ఎన్ని గంటలు తిరిగింది, హద్దుకు మించి ఎన్నిసార్లు తిరిగింది, చివరిసారి ఎన్నో గంటలో, అన్నీ రాసుకుంటుంది. మించిన వేగాన్ని ఆరు అంతస్తులుగా విడదీసి లెక్క వేస్తుంది. కింది అంతస్తుల్లో అంకెలుంటే గట్టిగా నడిపారని అర్థం, భయం లేదు. పై అంతస్తుల్లో ఉంటేనే ప్రమాదం. చేతి గేర్ల కార్లలో ఆరునుంచి ఐదుకు పోబోయి మూడులో పడేస్తే మోటారు తట్టుకోలేని వేగానికి ఎగురుతుంది, ఆ గుర్తు అక్కడ పడుతుంది. జీటీ3 ఆర్‌ఎస్‌లో గేర్‌బాక్సు తానే కాపలా కాస్తుంది కాబట్టి ఆ భయం తక్కువ. ఓడోమీటర్ అంకె ఎవరైనా మార్చారేమోనన్న అనుమానాన్ని కూడా గంటల లెక్కతో పోల్చి తీర్చుకోవచ్చు. ఇంత నిజాయితీగల యంత్రాన్ని నేను చూడలేదు.

ఇన్సూరెన్సు సంగతి మాత్రం మింగుడుపడలేదు. మన దేశంలో కారుకు కట్టే బీమా విలువ పట్టిక ప్రకారం తగ్గుతుంది. ఏడాది నిండేసరికి 15 శాతం, రెండేళ్ళ లోపు 20, మూడేళ్ళ లోపు 30, ఐదో ఏట సగం. ఆ తర్వాతే యజమాని, బీమా కంపెనీ మాట్లాడుకుని విలువ తేల్చుకోవచ్చు. బజారులో ధర నిలబడిన కారుకు కాగితం మీద సగం విలువ! కొనేముందే బీమా కంపెనీతో విలువ గురించి గట్టిగా కూర్చోవాలని తమ్ముడు రిపోర్టులో మొదటి పేజీలోనే రాశాడు. తమిళనాడు బండి గనక అక్కడి ఆర్టీవో ఎన్‌వోసీ తీసుకోవాలి, ఫైనాన్సు ఉంటే దాన్ని కొట్టేయించాలి, ఆంధ్రలో లైఫ్ టాక్స్ కట్టి మన నంబరు వేయించాలి. ఈ ఖర్చు కలపకుండా బేరం మొదలుపెట్టకూడదు.

రెండు కార్లలో ఒకటి దాదాపు నడవనే లేదు, గుడ్డ కప్పి ఉంచారు. రెండోది పదకొండు వేల కిలోమీటర్లు తిరిగింది, ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్ కూడా చూసింది, ఒక్క కాగితం తగ్గలేదు. నడవని కారే మేలని నేను లోపల్లోపల అనుకుంటున్నాను. తమ్ముడు రెండోదే రాశాడు. కదలని కారులో సీళ్ళు ఎండుతాయి, టైర్లు ఒకచోట అణిగిపోతాయి, బ్యాటరీ దిగిపోతుంది, నూనెలు చెడతాయి. పైగా దాని సర్వీసు పుస్తకంలో రెండేళ్ళ ఖాళీ ఉంది. "తిరగని మోటారుకు నేను గ్యారంటీ ఇవ్వలేను సార్, తిరిగినదానికి ఇస్తా" అన్నాడు కొనేవారితో.

ఆయన రెండోదే తీసుకున్నారు. కొత్త నంబరు పడ్డాక మళ్ళీ ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కి తీసుకుపోతారట. పక్క సీటు నాకిమ్మని సిగ్గు విడిచి అడిగేశాను. నవ్వి, హెల్మెట్ సైజు వాట్సాప్‌లో పంపమన్నారు. పంపేశాను.