సంకల్పములో మారిన దేశనామము

ఏ కర్మకైనను మొదట సంకల్పము చెప్పవలెను. కర్త ఎవడు, ఎచ్చట నిలిచినాడు, ఏ కాలమున నిలిచినాడు అను మూడు ప్రశ్నలకు సమాధానమును దైవసన్నిధిలో విన్నవించుకొనుటయే సంకల్పము. ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరస్వామి ఎదుట నిలిచినవానికి జంబూద్వీపము, భరతవర్షము, భరతఖండము, మేరువునకు దక్షిణ దిగ్భాగము, శ్రీశైలమునకు పశ్చిమ ప్రదేశము అని దేశము క్రమముగా సంకోచించుచు వచ్చి, చివరకు ఆ నిలిచినవాని గోత్రనామముల వద్ద ఆగును. పెద్దలలో అధికులు ఈ మాటలను మంగళవాద్యమువలె విని విడిచిపెట్టుదురు. గోత్రము అడిగినపుడు మాత్రము ఉలికిపడి చెప్పుదురు. ఆ ఊరి బాలుడొకడు వాటిని నిజముగా విన్నాడు. విన్న సంగతి అతడు సముద్రములు దాటి వెళ్ళిన తరువాతగాని ఎవరికిని తెలియలేదు.

బాలుని తాత ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘములో మగ్గము నేసిన మనిషి. 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన ఆ సంఘము పేరు వినిన ఆ ఊరి వృద్ధుల వెన్ను ఇప్పటికిని నిటారగును. తల్లి పుట్టినిల్లు ఆదోని, పత్తి వ్యాపారపు వీథులలో. బాలునికి ఇంట తెలుగు, పొరుగింట కన్నడము, వేసవి సెలవులలో ఆదోని సందులలో ఉర్దూ. మూడింటిలోను తగవులాడగలడు. ఎనిమిదవ ఏట, తండ్రి ఉద్యోగము వలన, డల్లాస్ నగర శివారునకు వెళ్ళినాడు. ఆగస్టు నడుమ అక్కడి బడిలో మూడవ తరగతిలో చేరినాడు. చేరిన నాటినుండి మాట మానినాడు.

ఇంగ్లీషు చదువని పిల్లవాడు కాడు. కాని ఎమ్మిగనూరు పుస్తకములలోని ఇంగ్లీషు వేరు, అక్కడ నోటినుండి ప్రవాహమువలె వచ్చు ఇంగ్లీషు వేరు. ఇలవేల్పు పేరు పెట్టుకొన్న ఐదక్షరముల నామము హాజరు పిలుపులో ఒక్క అక్షరమునకు కుదిరినది. ద్వేషముతో కాదు, నోరు తిరుగక. భోజనశాలలో మూత తెరువని డబ్బా సాయంకాలము అట్లే ఇంటికి తిరిగివచ్చుచుండెడిది. ఫోనులో బడి బస్సును చూచిన అవ్వ మాత్రము, "పసుప్పచ్చ బండి, శుభమేలే" అని సంతోషించినది.

ఇంటను ఇంగ్లీషే మాట్లాడినచో త్వరగా అలవడునని బంధువులెవరో తల్లిదండ్రులకు చెప్పినారు. హితమే అనుకొని వారు అట్లే చేసినారు. ఫలితముగా బాలునికి రెండు ఇండ్లు పోయినవి. అక్కడ ఉదయము 7 గంటలైనపుడు ఇక్కడ సాయంకాలము 5:30. బస్సు వచ్చులోగా తాతతో మాట్లాడుట నియమము. ఇప్పుడు తెరపై ముఖము కనిపించును, మాట వినిపించదు. మగ్గము ముందు నలుబది ఏండ్లు కూర్చున్న మనిషికి మౌనము కొత్త కాదు. కాని ఈ మౌనమును భరింపలేక ఆయన ఫోనును అవ్వకు ఇచ్చి బయటకు వెళ్ళిపోవుచుండెడివాడు.

అవ్వ మంత్రాలయమునకు మ్రొక్కుకొన్నది. మనుమనికి వెంకన్న కథ చెప్పినది. ఆదోని సీమలో ఆ కథ ఎరుగనివారు అరుదు. అక్షరము రాని పశుల కాపరి వెంకన్నకు ఆదోని నవాబు సిద్ది మసూద్‌ఖాన్ ఒక ఉత్తరమునిచ్చి చదువుమని గద్దించగా, ఆ బాలుడు శ్రీ రాఘవేంద్రస్వామిని తలచుకొని చదివినాడనియు, అటుపిమ్మట ఆదోనికి దివానైనాడనియు భక్తులు చెప్పుకొందురు. కథ ముగిసిన తరువాత బాలుడు చాలసేపటికి ఒకే మాట అన్నాడు: "వెంకన్నకు వెంటనే వచ్చింది కదవ్వా."

అవ్వ వద్ద దీనికి సమాధానము లేదు. ఉన్నదని చెప్పుట కూడ కష్టమే. అనుగ్రహ కథలన్నియు క్షణములో జరుగును; వినువాడు మాత్రము దినములు లెక్కించుచు ఉండును.

ఛాందోగ్యోపనిషత్తు నాలుగవ అధ్యాయములో దినములు లెక్కించవలసివచ్చిన బాలుడొకడు కలడు. సత్యకామ జాబాలుని సత్యవచనమును అందరును కొనియాడుదురు. తరువాత జరిగినదానిని అంతగా తలపరు. హారిద్రుమత గౌతముడు అతనిని శిష్యునిగా అంగీకరించి, కృశించిన నాలుగు వందల గోవులను అప్పగించినాడు. అవి వేయి కానిదే తిరిగిరానని బాలుడు అరణ్యమునకు వెళ్ళినాడు. పాఠము లేదు, గురువు లేడు, తల్లి లేదు. ఆ ఏండ్లలో అతడు ఎవరితో ఏమి మాట్లాడినాడో ఉపనిషత్తు చెప్పదు. చివరకు వృషభము ఒక పాదము, అగ్ని ఒక పాదము, హంస ఒకటి, మద్గువను నీటిపక్షి ఒకటి బ్రహ్మమును బోధించినవి. అరణ్యమున బాలునికి ఎవరు గురువగుదురో పంపినవానికి తెలియవలెనని లేదు.

డల్లాస్ బాలునికి మొదటి గురువు మెక్సికో నుండి వచ్చిన సహాధ్యాయి. అతనికిని ఇంగ్లీషు అంతే వచ్చును. ఇద్దరును కాగితముపై బొమ్మలు గీసి, ఒకని భాషలో ఒకడు పేర్లు చెప్పుకొని నవ్వుకొనుట ఇంగ్లీషు నేర్పు పంతులమ్మ కంట పడినది. అట్టి ప్రత్యేక బోధన ఆ దేశమున దయాభిక్ష కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలోని చైనా సంతతి విద్యార్థుల వ్యాజ్యములో, భాష తెలియని బాలుని ఎదుట అందరికిని ఇచ్చిన పుస్తకమునే ఉంచినంత మాత్రమున సమానత్వము కలుగదని 1974లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఆ పంతులమ్మ తల్లిని పిలిచి, ఈ మౌనము అనేక పిల్లలలో నెలల తరబడి ఉండుననియు, పిల్లవాడు వినుచున్నాడనియు, ఇంటి భాషను మాత్రము ఆపవద్దనియు చెప్పినది. శ్రవణము ముందు, తక్కినవి తరువాత అని వేదాంతము చదివినవారికి ఒకరు చెప్పవలసిన పని లేదు. అయినను కన్నబిడ్డ విషయమున మరచిపోవుదుము.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. ఆదోని, కోసిగి, కౌతాళము ప్రాంతముల నుండి వానలు లేని ఏట తల్లిదండ్రుల వెంట సుగ్గికి పోవు పిల్లలు కూడ పరదేశమునకు పోవువారే. గుంటూరు మిరప చేలలో గుడారము, బడి మధ్యలో తెగిన చదువు. ప్రభుత్వము సీజనల్ హాస్టళ్ళు పెట్టినది, నిజమే. కాని చంటిబిడ్డను ఎత్తుకొనుటకు అక్క కావలెను గనుక అక్క బండి ఎక్కును. ఆ బాలిక మౌనమును చూచి తల్లిని పిలిపించు పంతులమ్మ ఆ చేల వద్ద ఎవరు? విమానమెక్కిన బిడ్డను గూర్చి ఇన్ని మాటలు మాట్లాడువారము లారీ ఎక్కిన బిడ్డను గూర్చి ఎన్ని మాట్లాడితిమి?

కార్తిక మాసమున ఆ కుటుంబము డల్లాస్ పరిసరములలోని ఒక ఆలయమునకు వెళ్ళినది. అర్చకుడు గోత్రనామములు అడిగినాడు. తండ్రి నోరు తెరచులోగా బాలుడు గోత్రమును, తన ఐదక్షరముల నామమును, నక్షత్రమును స్పష్టముగా చెప్పినాడు. తల్లి కన్నులు చెమర్చినవి. తిరుగు ప్రయాణమున కారులో బాలుడే అడిగినాడు: "అమ్మా, ఆయన క్రౌంచద్వీపం అన్నాడు. మన గుళ్ళో జంబూద్వీపం కదా?"

అమెరికాలో పలువురు తెలుగు అర్చకులు క్రౌంచద్వీపము, రమణక వర్షము, ఐంద్ర ఖండము అని సంకల్పించుదురు. పురాణ ద్వీపములను నేటి భూగోళ పటమునకు అతికించుట యుక్తమా కాదా అను విషయమున పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఆ చర్చ అట్లుండనిండు. మరునాడు ఆ ప్రశ్న ఎమ్మిగనూరునకు వచ్చినది. నవంబరులో వారి గడియారము మారినందున ఇక్కడ అప్పుడు 6:30, అవ్వ దీపము పెట్టు వేళ.

"దేశం మారినాది, చెప్పేది మారదా?" అన్నాడు తాత. "గోత్రం మారినాదా?"

"లేదు."

"పేరు?"

బాలుడు కొంత తడసి, "బళ్ళో మారింది" అన్నాడు.

తాత చాలసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయమ్మకు నువ్వు చెప్పినావా, నా పేరిది అని?" అని మాత్రము అడిగినాడు.

చెప్పలేదు. ఆ వారమే చెప్పినాడు. ఆ బడిలో అతడు తనంతట తాను పలికిన మొదటి మాట అదే. పంతులమ్మ నాలుగుసార్లు తప్పు పలికి, అయిదవసారి సరిగా పలికి, అక్షరములు విడదీసి పలకపై వ్రాసికొన్నదట. మెక్సికో బాలుడు మాత్రము మొదటిసారియే సరిగా అన్నాడట.

సంక్రాంతి తరువాత ఒకనాడు బాలుడు ఫోనులో తొందరగా ఉన్నాడు. బస్సు వచ్చు సమయము. "తాతా, సంకల్పంలో నది పేరు కూడా చెప్తారు కదా. ఇక్కడి నది ట్రినిటీ. ముగ్గురు ఒకటే అని అర్థమంట. పెట్టుకోవచ్చా?"

"తుంగ, భద్ర రెండూ కలిస్తేనే మన ఏరు. మీది ముగ్గురి పేరుతో ఉందా? పెట్టుకో నాయనా."

లోపలి నుండి అవ్వ కేక వేసినది: "ఆ ఏట్లో నీళ్ళుండాయేమో అడుగు!"