కార్డుకి కత్తెరా!

పాత పోస్టుకార్డుల మీద స్టాంపుల్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి ఊడదీసేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నానబెట్టే ఓపిక కూడా లేక కత్తెరతో ఆ మూల కత్తిరించుకుని కార్డు పారేసేవాళ్ళంటే మరీ మంట. అలాంటి పెద్దాయన ఒకరు మా బంధువుల్లోనే ఉన్నారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆల్బం తెరిచి చూపిస్తారు. టాస్మేనియా ఎర్ర పెన్నీ స్టాంపులు అందులో వరసగా, ఒక్క పన్నూ చెదరకుండా కూర్చుని ఉంటాయి. "ఇవి అంటించిన కార్డులేవండీ?" అనడిగాను. "అవా! ఎవరో ఏదో గీకేసిన కాగితాలు. పారేశాను," అన్నారు. అన్నం పారబోసి విస్తరాకు దాచుకున్నారన్నమాట. పెళ్ళిళ్ళలో కనిపిస్తే ఇప్పటికీ నమస్కారం పెడతాను గానీ, పంక్తిలో ఆయన పక్కన మాత్రం కూర్చోను.

స్టాంపు సర్కారు సొత్తు, లక్షల్లో అచ్చవుతుంది. కార్డు మీది బొమ్మ ఫొటోగ్రాఫరు సొత్తు, అదీ కట్టలకొద్దీ అమ్ముడుపోయేదే. వాటి మీద పడ్డ నల్లటి ముద్ర మాత్రం ఫలానా ఊళ్ళో, ఫలానా పూట ఒక గుమాస్తా చెయ్యెత్తి కొట్టిన దెబ్బ. చాలాసార్లు అది సగం స్టాంపు మీదా సగం కార్డు మీదా పడుతుంది. మా పెద్దాయన కత్తెర సరిగ్గా ఆ దెబ్బ మధ్యనుంచి నడిచింది. ఊరి పేరులో నాలుగక్షరాలు ఆల్బంలోకి, మిగతావి చెత్తబుట్టలోకి.

ఆ ఎర్ర పెన్నీ సంగతే చూడండి. 1899 చివర్లో, ఆస్ట్రేలియాలోని బ్రిటిష్ వలసల్లో ఒకటైన టాస్మేనియా ఒక వింత పని చేసింది. స్టాంపు అంటే విక్టోరియా రాణి తలకాయే అనుకునే రోజుల్లో, ఆ తల తీసేసి కొండలూ సరస్సులూ జలపాతాలూ వేసింది. యాత్రికులు ఎగబడి రావాలని ఆశ. పెన్నీ స్టాంపు మీద హోబార్ట్ నగరం వెనక నిలబడే వెల్లింగ్టన్ కొండ. వీటిలో చాలావాటికి ఆధారం జాన్ వాట్ బీటీ అనే హోబార్ట్ ఫొటోగ్రాఫరు తీసిన ఫొటోలు. ఈయన గట్టి వ్యాపారి. స్టాంపుకి కొండలు ఇచ్చిన చేత్తోనే పోర్ట్ ఆర్థర్ జైలు శిథిలాల బొమ్మలూ అమ్మాడు.

పోర్ట్ ఆర్థర్ అంటే, ఇంగ్లండు నుంచి ఓడల్లో దింపిన ఖైదీల్లో మొండివాళ్ళని తెచ్చి పడేసిన చోటు. 1877లో జైలు మూసేశారు. ఖైదీల మరక తమ మీద ఉండకూడదని టాస్మేనియా పెద్దలు ఊరి పేరే మార్చేశారు: కార్నార్వన్. జనం ఊరుకుంటారా? జైలు మూసీ మూయగానే చూడ్డానికి బయల్దేరారు. 1884లో కాలిపోయి కప్పు లేకుండా నిలబడ్డ చర్చి బొమ్మ కార్డుల మీద తెగ అమ్ముడుపోయింది, కింద "పోర్ట్ ఆర్థర్" అని అచ్చువేసి మరీ. సర్కారు కాగితాల్లో ఒక ఊరు, కార్డు మీద ఇంకో ఊరు. చివరికి 1927లో సర్కారే దిగొచ్చి పాత పేరు తిరిగి పెట్టింది. సిగ్గుపడ్డదాన్నే అమ్ముకుంటే డబ్బులొస్తాయని తెలిశాక సిగ్గు ఎన్నాళ్ళుంటుంది?

కార్డుల వెర్రి ముదిరిన కాలానికి వలసల కాలం నిజానికి అయిపోయింది. 1901 జనవరి 1న ఆస్ట్రేలియాలోని ఆరు వలసలూ రాష్ట్రాలుగా కలిసి ఒక్క దేశమయ్యాయి, మార్చి 1న తపాలా శాఖలు కేంద్రం చేతికొచ్చాయి. స్టాంపులు మాత్రం ఏ రాష్ట్రానివి ఆ రాష్ట్రానివే. ఎవరి రాబడి ఎంత, ఎవరి ఖర్చెంత అని విడివిడిగా పద్దు రాయాల్సిన ఏర్పాటు రాజ్యాంగంలోనే ఉంది మరి. ఉమ్మడి కుటుంబం, వేరు వేరు డబ్బాలు. 1910 అక్టోబరు 13 నుంచి గానీ ఒక రాష్ట్రం స్టాంపు ఇంకో రాష్ట్రంలో చెల్లలేదు. కాబట్టి వెల్లింగ్టన్ కొండ మీద విక్టోరియా రాష్ట్రంలోని మెల్‌బోర్న్ ముద్ర సవ్యంగా పడిందంటే, చాలావరకు అది ఆ తేదీ తరవాతి కార్డే అయ్యుండాలి. ముద్ర కత్తిరించేస్తే ఈ సంగతి చెప్పేదెవరు? 1913లో కంగారూ బొమ్మతో దేశమంతటికీ ఒకే స్టాంపు వచ్చింది. రాజుగారి తల లేదేమని గోల కూడా అయింది. ఆ గోల స్టాంపుల వాళ్ళకి వదిలేస్తాను.

నాకు ముద్దొచ్చేవి విక్టోరియా వలస అంకెల ముద్రలు. అడ్డగీతల మధ్య ఒక అంకె, అంతే. ఒక్కో పోస్టాఫీసుకి ఒక్కో అంకె. అవి రెండువేలు దాటాయి. తమాషా ఏమిటంటే, గనుల్లో బంగారం అయిపోయి ఊరు ఖాళీ అయి పోస్టాఫీసు మూతపడితే, ఆ అంకెని తీసుకెళ్ళి ఎక్కడో కొత్తగా తెరిచిన ఆఫీసుకి ఇచ్చేవారు. ఒకే అంకె ఒక ఏడు ఒక ఊరు, ఇంకో ఏడు ఇంకో ఊరు. పక్కన తేదీ ముద్ర గనక ఉంటే కథ విడిపోతుంది. విడి స్టాంపు మీద ఉత్త అంకె మిగిలితే, జుట్టు పీక్కోవడమే. ఇలా పీక్కుంటూ నేను గడిపిన రాత్రుల గురించి మా ఆవిడని అడక్కండి.

ముద్రల్లో పేరు మిగిలి, ఊరు మిగలనివీ ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియా బంగారు నేలల్లో, కాల్గూర్లీకి దగ్గర్లోనే కనౌనా అని ఒక ఊరుండేది. వేల జనం, హోటళ్ళు, రైలు. ఇప్పుడు అక్కడ ఎండా, ఎర్రమట్టీ, స్మశానమూ. దక్షిణ ఆస్ట్రేలియాలో 1839లో జర్మన్ లూథరన్‌లు కట్టుకున్న హాన్‌డోర్ఫ్‌ది వేరే బాధ. తమని ఓడలో తెచ్చిన కెప్టెన్ హాన్ పేరు పెట్టుకున్నారు పాపం. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ పేర్లు పనికిరావని ఆ రాష్ట్రంలో 69 పేర్లు తుడిచేశారు. హాన్‌డోర్ఫ్ ఆంబుల్‌సైడ్ అయి, 1935లో గానీ మళ్ళీ హాన్‌డోర్ఫ్ కాలేదు.

అన్ని కార్డులూ ఇంత సరదాగా ఉండవు. సిడ్నీలో చార్లెస్ కెర్రీ స్టూడియో ఆదివాసుల బొమ్మలు తీసి అమ్మింది. గీసిన తెరల ముందు, చేతిలో ఈటెతో, పేరు లేకుండా. పంపినవాళ్ళ సంతకం ఉంటుంది, అందుకున్నవాళ్ళ పేరూ వీధీ ఉంటాయి, అచ్చువేసిన కంపెనీ పేరుంటుంది, తపాలా గుమాస్తా కొట్టిన తేదీ ఉంటుంది. బొమ్మలో మనిషికి మాత్రం "ఆదివాసి నాయకుడు" అన్న మాటతో సరి. వెనకేమో, "ఎండలు మండిపోతున్నాయి, అత్తయ్యకి కులాసా" అన్న ధోరణిలో రెండు ముక్కలు.

వెనక అన్నాను గానీ, 1905 ప్రాంతం దాకా వెనక రాయనిచ్చేవారు కాదు. అటువైపంతా చిరునామాకే. చెప్పాల్సిందంతా బొమ్మ పక్కన జానెడు ఖాళీలో ఇరికించాలి. సిడ్నీ రేవు ఆకాశం నిండా అత్తయ్య కులాసాలే. మనకి 1879లో వచ్చిన పావు అణా కార్డుకి బొమ్మా లేదు, బొమ్మతో పేచీ లేదు. అయినా మనవాళ్ళు రాయడంలో ఎవరికి తీసిపోయారు? నిలువుగా నింపి, అడ్డంగా తిప్పి, అంచులెమ్మట పాకించి, చివరికి చిరునామా పక్కన "పాప లేచింది, ఉంటా" అని ముగించడం. ఇంత బాహాటంగా రాస్తే పోస్టుమాన్ చదవడా? మా అమ్మమ్మగారి ఊరి పోస్టుమాన్ చదివేవాడు. "చిన్నమ్మాయిగారికి నెల తప్పిందటండీ," అని వీధి మొదట్లోనే కేకేసి, ఆ తరవాత కార్డు చేతికిచ్చేవాడు. మా తాతయ్య తమ్ముడు విసిగిపోయి ప్రతి కార్డు పైనా "పోస్టుమాన్ గారికి నమస్కారం, దయచేసి కింద చదవవద్దు" అని రాయడం మొదలుపెట్టాడు. పోస్టుమాన్ ఆ ఒక్క ముక్కా వదిలేసి మిగతాదంతా చదివి, జవాబులో ఏం రాస్తే బావుంటుందో కూడా చెప్పి, మజ్జిగ తాగి వెళ్ళేవాడు.